స్టాసీ నిఘాలో జనం ఒకరినొకరు ఎలా నమ్మగలిగారు?

అందరికీ నమస్కారం. తూర్పు జర్మనీ గురించి చదువుతున్నాను. 1989 నాటికి అక్కడి రహస్య పోలీసు స్టాసీలో దాదాపు 91,000 మంది ఉద్యోగులు, వాళ్ళు కాక లక్షన్నరకు పైగా ఇన్‌ఫార్మర్లు ఉన్నారట. భార్య మీద భర్తే సమాచారం ఇచ్చిన సంగతులు కూడా తర్వాత ఫైళ్ళలో బయటపడ్డాయి. స్టాసీ వాళ్ళు పుకార్లు పుట్టించి, ఉద్యోగం చెడగొట్టి, స్నేహితుల మధ్య అనుమానం పెట్టి మనిషిని ఒంటరిని చేసేవాళ్ళు. నాకు జైలు కన్నా ఇదే ఘోరం అనిపించింది.

మరి అలాంటి చోట 1989 అక్టోబర్ 9న లైప్‌జిగ్ నగర వీధుల్లోకి ప్రభుత్వానికి నిరసనగా సుమారు 70,000 మంది ఎలా రాగలిగారు? సెయింట్ నికొలస్ చర్చిలో జరిగిన సోమవారం ప్రార్థనలే ఆ ధైర్యం ఇచ్చాయా, ఇంకేమైనా కారణాలున్నాయా? లోతుగా చదివినవాళ్ళు, జర్మనీలో ఉంటూ ఆ తరం వాళ్ళతో మాట్లాడినవాళ్ళు దయచేసి చెప్పండి.