నాలుగు కేజీల కుక్కకి ఇంటి వంటా, ప్యాకెట్ ఫుడ్డా?

బుజ్జి_వాళ్ళమ్మ:
మా బుజ్జికి ఆరేళ్ళు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా అయిపోయింది. ఉండాల్సిన బరువు నాలుగు కేజీలు. మొన్న తూకంలో నాలుగు కేజీల ఎనిమిది వందల గ్రాములు చూపించింది. ఇన్నాళ్ళూ డ్రై ఫుడ్డే. మా ఆయన "ఆ ఎండు గుళికలు నువ్వు తింటావా? చికెన్, అన్నం, క్యారెట్ ఉడికించి పెట్టు, అదే తగ్గుతుంది" అంటున్నారు. డాక్టరుగారేమో ప్యాకెట్ మానొద్దన్నారు. బుజ్జి ఏది పెట్టినా తింటుంది కాబట్టి దాని ఓటు చెల్లదు. ఏది ఆరోగ్యమంటారు?

స్టీలుగిన్నె:
మీ ఆయన వైపే నేను. పదకొండేళ్ళుగా మా వాడికి వండే పెడుతున్నాను. గిన్నెలో ఏం వేశానో నాకు తెలుసు, ప్యాకెట్‌లో ఏముందో ఎవరికి తెలుసు? పైగా మా వాడు నీళ్ళు సరిగ్గా తాగడు. ఒకసారి మూత్రంలో రాళ్ళొచ్చి ఆపరేషన్ దాకా వెళ్ళాం. ఉడికిన తిండిలో నీరు ఎలాగూ ఉంటుంది కదా. అప్పట్నుంచి డ్రై ఫుడ్ మా గడప తొక్కలేదు.

లేబుల్_పురుగు:
ఏం వేశారో తెలుసు, సరే. ఏం వెయ్యలేదో తెలుసా అండీ? చికెన్ ముక్కలో ఫాస్ఫరస్ కాల్షియం కంటే పది రెట్లకు పైనే ఉంటుంది. కుక్కకి కావలసింది కాల్షియం కనీసం ఫాస్ఫరస్‌తో సమానంగా. ఆ తేడాని అన్నం, క్యారెట్ పూడ్చలేవు. జింక్, అయోడిన్, విటమిన్ డి సంగతి సరేసరి. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ వాళ్ళు కుక్కల కోసం రాసిన 200 ఇంటి వంటకాలు లెక్కగట్టారు. 95 శాతం వంటకాల్లో ఏదో ఒక పోషకమైనా తక్కువే. వాటిలో పశువైద్యులు రాసినవీ ఉన్నాయి.

రాళ్ళ సంగతి మాత్రం ఒప్పుకుంటాను. చిన్న జాతుల్లో ఆ బెడద ఎక్కువే. కానీ అది నీళ్ళ కోసం వాదన, వంట కోసం కాదు. డబ్బాలో వచ్చే వెట్ ఫుడ్‌లో మూడొంతులు నీరే.

స్టీలుగిన్నె:
వెట్ ఫుడ్ డబ్బా మీద ప్రోటీన్ పది శాతం అని ఉంటుంది, డ్రై ప్యాకెట్ మీద ఇరవయ్యారు. నీళ్ళకి డబ్బులిమ్మంటారా?

లేబుల్_పురుగు:
నీళ్ళు తీసేసి చూడండి. డబ్బాలో 75 శాతం నీరు పోతే మిగిలేది 25. అందులో 10 అంటే నలభై శాతం. డ్రై ఫుడ్‌లో నీరు పది శాతం, మిగిలిన 90లో 26 అంటే ఇరవై తొమ్మిది. డబ్బాదే ఎక్కువ! లేబుల్ మీద చాలామంది మొదట చూసేది "చికెన్" ముందుందా లేదా అని. ఆ వరస పచ్చిగా ఉన్నప్పటి బరువుని బట్టి రాస్తారు, చికెన్ తన నీళ్ళ బరువుతో ముందు కూర్చుంటుంది. నేను దాన్ని వదిలేసి చిన్న అక్షరాల్లో "కాంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్" (అన్ని పోషకాలూ సరిపడా ఉన్న పూర్తి భోజనం) అన్న మాట, అది ఏ వయసు కుక్కకో వెతుకుతాను. "కాంప్లిమెంటరీ" అని ఉంటే అది భోజనం కాదు, చిరుతిండి.

స్టీలుగిన్నె:
ఆ 95 శాతం మాట ఎక్కడికెళ్ళినా వింటున్నాను. వాళ్ళు చూసింది కాగితం మీది వంటకాల్ని, ఆ తిండి తిన్న కుక్కల్ని కాదు. మొదటి రెండేళ్ళు నేనూ ఊరికే చికెన్, అన్నమే పెట్టాను, దాచుకోను. తర్వాత పోషకాహారం తెలిసిన పశువైద్యురాలు గ్రాముల లెక్కన రాసిచ్చారు. దాంట్లో కలపాల్సిన విటమిన్, ఖనిజాల పొడి కూడా ఉంది. ఒక్కపూట కూడా మానను. అది వంట కాకుండా పోతుందా?

లేబుల్_పురుగు:
మీది వంటే. మీలా పొడి తూచి కలిపేవాళ్ళెంతమంది? మూడో నెలకి డబ్బా అయిపోతుంది, నాలుగో నెలకి మర్చిపోతారు.

కొత్తగా_తెచ్చాం:
మధ్యలో దూరుతున్నా, సారీ. షాపులో గ్రెయిన్‌ఫ్రీ తీసుకోమన్నారు. మంచిదేనా? డ్రై ఫుడ్ కొరికితే పళ్ళు కూడా శుభ్రపడతాయట.

లేబుల్_పురుగు:
ధాన్యం పడని కుక్కలు తక్కువ. ఊరికే మానెయ్యక్కర్లేదు. గ్రెయిన్‌ఫ్రీలో బఠాణీ, పప్పులు ఎక్కువ వేస్తారు. వాటికీ గుండె కండరం జబ్బుకీ సంబంధం ఉందేమోనని అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో విచారణ మొదలుపెట్టింది. అదే కారణమని తేలలేదు, కాదనీ తేలలేదు. మామూలు గుళిక పంటి కొస తగలగానే పొడైపోతుంది. చిన్న కుక్కల నోట్లో పళ్ళు ఇరుకు, గార త్వరగా పడుతుంది. బ్రష్ తప్పదు.

తక్కెడ:
ఇంతసేపూ గిన్నెలో ఏముండాలో కొట్టుకున్నారు. ఎంత ఉందో ఒక్కరూ అడగలేదు. ఆవిడ కుక్క ఎనిమిది వందల గ్రాములు ఎక్కువుందండీ. నాలుగు కేజీల మీద అది ఇరవై శాతం!

లెక్క చూడండి. ఆపరేషన్ అయిన నాలుగు కేజీల కుక్కకి రోజుకి సుమారు మూడు వందల కేలరీలు సరిపోతాయి. ఒక్కో కుక్కకి కాస్త అటూఇటూ అవుతుంది. ఒక కోడిగుడ్డు డెబ్బై, అంటే దాదాపు పావు రోజు తిండి. చిరుతిళ్ళన్నీ కలిపి పది శాతం దాటకూడదంటారు. ఆ లెక్కన బుజ్జికి ముప్పై కేలరీలు, చిన్న చీజ్ ముక్క. ముప్పై కేజీల కుక్కకి లెక్కలోకి రానిది దీనికి పూట భోజనం.

మా ఇంట్లో ఒకే కప్పుతో ముగ్గురం కొలిచి వంటింటి తక్కెడ మీద పెట్టాం. నాది 58 గ్రాములు, మా అబ్బాయిది 71. మా ఆవిడది 83, గోపురంలా. కప్పు అదే, కుక్క అదే. వంట అయినా ప్యాకెట్ అయినా ముందు తక్కెడ కొనండి.

స్టీలుగిన్నె:
తక్కెడ అన్నీ చెబుతుందా? సగం సగం పెడితే ఆకలికి అరుస్తుంది. ఉడికించిన తిండి గిన్నె నిండా కనబడుతుంది, కడుపూ నిండుతుంది.

తక్కెడ:
అది నిజమే, కాదనను. గుళికల్లో గోరువెచ్చని నీళ్ళు పోసి నానబెట్టినా గిన్నె నిండుతుంది. ఒకటి చెబుతాను. ఇప్పుడు తింటున్న ఫుడ్‌ని మరీ కోసేస్తే పోషకాలూ కోతపడతాయి. ఎంత తగ్గించాలో డాక్టరుగారినే అడగండి, బరువు తగ్గించే ఫుడ్ వేరే ఉంటుంది. మార్చేదేదైనా వారం పది రోజుల్లో కొంచెం కొంచెం కలుపుతూ మార్చండి.

బుజ్జి_వాళ్ళమ్మ:
మూడు రోజులు తూచాను. 80 గ్రాములు అనుకుని పెడుతున్నది 97. అది కాక పొద్దున మా అత్తగారు బిస్కెట్లు రెండు, సాయంత్రం మా ఆయన టీవీ ముందు చీజ్. "నేను కొంచెమే పెడతాను" అని ఇద్దరూ ఒకే మాట. డాక్టరుగారికి ఫోన్ చేసి ఈ లెక్కంతా చదివాను. ఫుడ్ అదే ఉంచి 80కి రమ్మన్నారు, బిస్కెట్లు బంద్, రెండు వారాలకోసారి తూకం. స్టీలుగిన్నె గారూ, మీ డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం నాకు పనికొస్తుందా?

స్టీలుగిన్నె:
రాదండీ. అది మా వాడి బరువుకీ వాడి రాళ్ళకీ రాసింది. మీ బుజ్జికి వేరే రాయించుకోవాలి. ఇంతకీ మీ ఆయన ఏమంటున్నారు?

బుజ్జి_వాళ్ళమ్మ:
చీజ్ ముక్క కూడా తూచాలా అంటున్నారు. తూచాను. ఇరవై గ్రాములు, అరవై కేలరీల పైనే. ఇప్పుడు సగం తనే తింటున్నారు.