అప్‌డేట్: పద్మిని కారు ముందు టైరు రాసుకోవడం ఆగింది

ముందు స్ప్రింగులు పొట్టివి వేయించాక, స్టీరింగ్ పూర్తిగా తిప్పి గుంతలో దిగితే టైరు ఫెండర్‌కి (చక్రం మీది రేకు) రాసుకుంటోందని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

"స్ప్రింగ్ తీసేసి, జాకీతో చక్రాన్ని పైదాకా లేపి చూడండి" అన్న మాటే పనిచేసింది. బెంగళూరు జేసీ రోడ్డు దగ్గర మెకానిక్ అలాగే చేసి రెండువైపులా స్టీరింగ్ తిప్పాడు. లోపల వేలు పట్టే సందుంది, తగులుతున్నది బయటి అంచుకే. తప్పు అల్లాయ్ చక్రాల ఆఫ్‌సెట్‌ది (చక్రాన్ని బిగించే తలం దాని మధ్యగీత నుంచి ఎంత బయటికి ఉందో చెప్పే కొలత)! 15 మి.మీ. నుంచి 25కి మార్చాం, చక్రం 10 మి.మీ. లోపలికి జరిగింది. టైరు కూడా 185/65 తీసి 165/70 ఆర్14 వేశాం: వెడల్పు 20 మి.మీ., ఎత్తు దాదాపు 9.5 మి.మీ. తగ్గాయి.

నా బండిలో అలైన్‌మెంట్‌కి, బుష్‌లకి (సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు ముక్కలు) ఈ రాపిడితో సంబంధమే లేదు, దీనికోసం వాటికి డబ్బు పెట్టడం దండగ. ఫెండర్ అంచు మడవమన్నారు, పాత రేకు కదా, మనసొప్పలేదు. స్ప్రింగులు అవే ఉన్నాయి.