పద్యనాటకానికి హెడ్‌సెట్ మైకు కావాలా, స్టాండు మైకులే చాలా?

కృష్ణాతీరం:
తిరునాళ్లకి ఈసారి కురుక్షేత్రం వేస్తున్నాం, పాత్రధారులు ఆరుగురు. అందరికీ వైర్‌లెస్ హెడ్‌సెట్లు అద్దెకి తెద్దామని కుర్రాళ్లు, స్టేజీ ముందు మూడు స్టాండు మైకులు చాలని పెద్దవాళ్లు. నాది అర్జునుడి వేషం, నా ఓటు హెడ్‌సెట్‌కే. పడక సీనులో కృష్ణుడి కాళ్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడాల్సినవాణ్ణి, పద్యం రాగానే ఆయన్ని మంచం మీద వదిలేసి మైకు దగ్గరికి నడుస్తున్నాను. పదేళ్లుగా ఇదే బాధ.

శృతిపెట్టె:
నలభై ఏళ్లుగా హార్మోనియం వాయిస్తున్నాను బాబూ, నేను ఒప్పుకోను. పాడేవాడికి మైకు కూడా ఒక వాయిద్యమే. మాట మెల్లగా చెప్పేటప్పుడు ముందుకు వంగుతాడు, తారస్థాయిలో రాగం లాగేటప్పుడు అడుగు వెనక్కి వేసి తల పక్కకి తిప్పుతాడు. ఆ కొలత ఏళ్ల తరబడి ఒంటికి పట్టింది. మైకు బుగ్గకి అంటించేస్తే ఆ పని మిక్సర్ దగ్గర కుర్రాడి చేతిలోకి పోతుంది. పద్యం ఎక్కడ ఎత్తుకుంటారో అతనికి తెలుసా? నిరుడు ఒక ఊళ్లో దుర్యోధనుడు గొంతెత్తగానే బాక్సులు బద్దలైనట్టు మోగాయి. ఆ కుర్రాడు కంగారుపడి తగ్గించేశాడు. మిగతా పద్యమంతా నా పెట్టె తప్ప ఏమీ వినపడలేదు. 1885లో సురభి వాళ్లు మొదలుపెట్టినప్పుడు మైకు ఎక్కడిది?

సౌండ్‌బాబు:
గురువుగారూ, మీరు చెప్పిన తప్పు మా వాళ్లదే. మైకుది కాదు.

నోటికీ మైకుకీ దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది. అర్జునుడు మంచం పక్కన ఉండిపోతే స్టాండు మైకు అందుకోలేదు. అందేదాకా వాల్యూమ్ పెంచితే కూత పెడుతుంది. హెడ్‌సెట్‌లో ఆ దూరం మారదు. నాట్యం చేస్తూ పాడటానికే 1979లో ఇంగ్లండ్ గాయని కేట్ బుష్‌కి హ్యాంగరు తీగ వంచి తలకి మైకు కట్టారు.

అలాగని ఆరు సెట్లు తగిలించి అన్నీ తెరిచి వదిలేయకూడదు. తెరిచిన మైకులు రెట్టింపైన ప్రతిసారీ కూత రాకముందు దొరికే వాల్యూమ్ 3 డెసిబెల్స్ తగ్గుతుంది. మాట్లాడేవాళ్లది తెరవాలి, మిగతావి మూయాలి. అందుకే మిక్సర్ దగ్గరివాడికి నాటకం తెలియాలి.

తగిలించడం కూడా చూసుకోవాలి. మైకు పెదవుల ఎదురుగా వద్దు, ప, బ అన్నప్పుడల్లా గాలి కొట్టి దబ్‌మంటుంది. పెదవి చివర నుంచి రెండు వేళ్ల దూరంలో, చెంప వైపు ఉండాలి. మీసం గమ్ము ఆరాకే టేపు వేయండి. నేను చూసిన దుర్యోధనుడికి కిరీటం కింద నుంచి చెమట, మైకుని నోటి దాకా పట్టుకునే పుల్ల వెంట జారి మైకులోకి దిగింది, గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టయింది. చెవి వెనక వైరుని కిందికి వేలాడేలా చిన్న మెలిక తిప్పితే ఆ చుక్క అక్కడే రాలిపోతుంది. నడుముకి కట్టే ట్రాన్స్‌మిటర్ ప్యాకు యాంటెనా మొలతాడులోకి మడవొద్దు.

అద్దెకిచ్చేవాణ్ణి ఏ ఫ్రీక్వెన్సీ అని అడగండి. 700 మెగాహెర్ట్జ్ సెట్లు వద్దు, 2022 వేలంలో ఆ బ్యాండుని జియో కొనుక్కుంది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై, బ్లూటూత్ తిరిగే చోటు. రిహార్సల్‌లో పలికింది, వేలమంది ఫోన్లతో కూర్చున్నాక తెగిపోవచ్చు.

ముందువరస:
చూసేవాళ్ల మాట కూడా వినండి. కృష్ణుడి బుగ్గ మీద నల్ల పుల్ల కనపడితే నా కళ్లు దాని మీదే ఉంటాయి. కిరీటం అంచున దాచే చిన్న మైకు పెట్టకూడదా?

సౌండ్‌బాబు:
పెట్టొచ్చండీ. నుదుటి దగ్గర దాచడం నాటకాల్లో ఉన్నదే. కాకపోతే నోటికి దూరం కాబట్టి హార్మోనియం, తబలా కూడా దూరతాయి. ఆరుబయట తిరునాళ్లకి నేను పుల్ల మైకే అంటాను. ఒంటి రంగుది దొరుకుతుంది, కృష్ణుడికైతే నీలం మేకప్ పుల్లకీ రాయండి, కొసన మాత్రం వద్దు.

కృష్ణాతీరం:
అయితే కృష్ణుడు, అర్జునుడు, దుర్యోధనుడికి మూడు సెట్లు అడుగుతాను. మిగతా ముగ్గురూ స్టాండు దగ్గరే. శృతిపెట్టె గారూ, మీరు కాదంటే మా కృష్ణుడు తగిలించుకోడు.

శృతిపెట్టె:
పద్యాల వరుస, ఎవరు ఎక్కడ గొంతెత్తుతారో కాగితం మీద రాసిస్తాను. నా శిష్యుడొకడు మిక్సర్ పక్కన కూర్చుంటాడు. రాయబారం పద్యాలకి మాత్రం కృష్ణుడి సెట్టు మూసేయండి, స్టేజీ మధ్య స్టాండు మైకు తీయొద్దు. అవి ఆయన అక్కడికొచ్చే పాడాలి.