స్నేహితురాలికి పానిక్ అటాక్ వచ్చినప్పుడు పక్కనున్నవారు ఏం చేయాలి?

వానచినుకు: నా స్నేహితురాలికి ఉన్నట్టుండి గుండెదడ, వణుకు, ఊపిరాడనట్టు అనిపించడం. ‘చచ్చిపోతున్నాను’ అంటుంది. డాక్టరు ఈసీజీ, థైరాయిడ్ పరీక్షలు చేయించి, ఇవి పానిక్ అటాక్‌లని తేల్చారు. ఆ సమయంలో ఏం మాట్లాడాలో నాకు తోచడం లేదు.

నీలిగువ్వ: చాలా ఏళ్లుగా ఇది అనుభవిస్తున్నదాన్ని. దయచేసి ‘ఏమీ లేదు, ఊరికే భయపడుతున్నావు’ అనకండి. ఒంట్లో జరిగేది నిజమే. ముప్పేమీ లేకపోయినా అడ్రినలిన్ అనే హార్మోన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది. గబగబా ఊపిరి తీయడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. వేళ్లూ పెదవులూ తిమ్మిరెక్కడం, తల తిరగడం అందువల్లే. దాన్ని చావుకు సూచన అనుకుంటాం, భయం రెట్టింపవుతుంది. ‘ఇది పానిక్ అటాక్, తగ్గిపోతుంది, నేను ఇక్కడే ఉన్నాను’ అని నిదానంగా చెప్పండి, చాలు. సాధారణంగా 10 నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, ఆపైన దిగిపోతుంది.

గడ్డిపువ్వు: ముట్టుకోవచ్చో లేదో ముందే అడిగి ఉంచుకోండి. నాకు ఎవరైనా చెయ్యి పట్టుకుంటే ఊరట. మా అన్నయ్యకు మాత్రం మనిషి దగ్గరికొస్తేనే ఉక్కిరిబిక్కిరి.

తెల్లమబ్బు: కాగితం సంచిలో ఊపిరి పీల్చితే తగ్గుతుందంటారు, నిజమేనా?

పొద్దుపొడుపు: వద్దండీ. నేను నర్సును. అది ఉబ్బసమో గుండెజబ్బో అయితే సంచి ప్రాణం మీదికి తెస్తుంది. మీరే ఆమె ఎదుట నెమ్మదిగా ఊపిరి వదులుతూ ఉండండి, తోడుగా ఆమే అందుకుంటుంది. తీసుకునేదానికన్నా వదిలేది ఎక్కువసేపు ఉండాలి. ఎప్పుడూ లేని ఛాతీనొప్పి వచ్చినా, అది చేతికో దవడకో పాకినా, స్పృహ తప్పినా పానిక్ అనుకుని ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

నీలిగువ్వ: ఇంకొకటి. అటాక్ కొన్ని నిమిషాలే, ‘మళ్లీ వస్తుందేమో’ అన్న దిగులు రోజంతా. లిఫ్టు, బస్సు, జనం ఉన్న చోటు, ఒక్కొక్కటే మానేస్తాం. అప్పుడు ‘నువ్వు ఇంట్లోనే ఉండు, పని నేను చేసుకొస్తాను’ అనడం ప్రేమే, కానీ భయానికి మేత వేసినట్టవుతుంది. తోడు వెళ్లండి, పని ఆమెనే చేయనివ్వండి.

వానచినుకు: బస్సు ఇప్పటికే మానేసింది! చికిత్స మాట ఎత్తితే ‘నాకేమన్నా పిచ్చా’ అంటోంది.

పొద్దుపొడుపు: అటాక్ తగ్గిన వెంటనే ఆ మాట ఎత్తకండి, అప్పుడు అలసిపోయి ఉంటుంది. తేరుకున్నాక, బస్సు ఎక్కాలని ఉందా అని అడగండి. ఉందంటే, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అనే మాటల చికిత్సలో ఆ భయాన్ని మెట్టుమెట్టుగా ఎదుర్కోవడం నేర్పిస్తారని చెప్పండి. చాలామందికి అది బాగా పనిచేస్తుంది. అవసరమైతే డాక్టరు మందులూ రాస్తారు. మొదటిసారి మీరూ వెంట వెళ్లండి.