అప్‌డేట్: ఫ్రేజల్ వెర్బ్స్ లిస్టు పక్కన పెట్టేశాను

ఇంగ్లీష్‌లో గెట్, టేక్, పుట్ లాంటి చిన్న క్రియల వెనక 'అప్', 'ఆఫ్' లాంటి మాట చేరి ఒకే అర్థం ఇచ్చే ఫ్రేజల్ వెర్బ్స్ ఎలా గుర్తుంచుకోవాలని ఇంతకుముందు అడిగాను. క్రియను బట్టి లిస్టు వేసుకోకుండా దాని వెనక వచ్చే చిన్న మాటను బట్టి చూడమన్న సలహా బాగా పనిచేసింది. 'యూజ్ అప్', 'ఈట్ అప్', 'డ్రింక్ అప్' మూడింట్లోనూ 'అప్' అంటే మొత్తం అయిపోయేదాకా అని. అలాగని పిల్లల్ని పెంచే 'బ్రింగ్ అప్'ని ఈ గుంపులో ఇరికించకండి, అది విడిగా నేర్చుకోవాల్సిందే.

అసలు టెన్షన్ 'ఇట్' ఎక్కడ పెట్టాలన్నది. 'టర్న్ ఆఫ్ ద లైట్', 'టర్న్ ద లైట్ ఆఫ్' రెండూ సరైనవే. కానీ 'ఇట్' లాంటి సర్వనామం వస్తే మధ్యలోనే ఉండాలి: 'టర్న్ ఇట్ ఆఫ్'. 'లుక్ ఆఫ్టర్' (బాగోగులు చూసుకోవడం) మాత్రం విడిపోదు, 'లుక్ ఆఫ్టర్ ఇట్' అనాలి. 'పుట్ అప్ విత్' (భరించడం) కూడా అంతే. అందుకే నోట్స్‌లో 'పుట్ సమ్‌థింగ్ ఆఫ్' (వాయిదా వేయడం) అని మధ్యలో చోటు వదిలి రాసుకుంటున్నాను. మంచి డిక్షనరీల్లోనూ ఇలాగే ఉంటుంది.

'టేక్ ఇట్ విత్ ఎ పించ్ ఆఫ్ సాల్ట్' (పూర్తిగా నమ్మేయొద్దు అని) లాంటి ఇడియమ్స్‌కి, అంటే జాతీయాలకి, ఈ లెక్కలేవీ పనికిరావు, వాక్యంతో సహా గుర్తుపెట్టుకోవడమే. ఇక 'గెట్ ఓవర్', 'గెట్ త్రూ', 'గెట్ బై' ఇంకా కలగాపులగంగానే ఉన్నాయి. చిట్కా ఉంటే చెప్పండి.