సాఫ్ట్ మెషీన్ ‘అదర్ డోర్స్’: ఆ ఫజ్ ఆర్గన్ మోత ఏమైంది?

రిఫ్‌రాజు: బ్రిటిష్ జాజ్-రాక్ బ్యాండ్ సాఫ్ట్ మెషీన్ పాత ఆల్బమ్‌లు ‘థర్డ్’, ‘ఫోర్త్’ అలవాటైన చెవులకి ‘అదర్ డోర్స్’ (2023) వేరే బ్యాండ్‌లా వినిపిస్తోంది. గరగరలాడే ఆ ఆర్గన్ లేదు. 1966లో బ్యాండ్ మొదలెట్టినవాళ్లెవరూ లేకపోవడమేనా కారణం? ఇంకోటి, 7/8 (ఆవర్తానికి ఏడు చిన్న దెబ్బలు) రిఫ్‌లకి, అంటే మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వరసలకి, కాలితో తాళం వేస్తుంటే రెండో ఆవర్తానికే తప్పుతోంది. ఎలా లెక్కపెట్టాలి?

నల్లమెట్లు: ఆ మోత మైక్ రాట్‌లెడ్జ్ లౌరీ ఆర్గన్‌ది. దాన్ని ఫజ్ బాక్స్ (స్వరాన్ని గరగరలాడించే పరికరం) గుండా యాంప్‌కి పంపేవాడు. ఫజ్‌లో గెయిన్ (శబ్దాన్ని పెంచే మోతాదు) విపరీతం కాబట్టి మెట్టు మీంచి వేలు తీస్తే చాలు, ఫీడ్‌బ్యాక్ కూత అందుకునేది. అది రాకుండా సందివ్వకుండా వాయించేవాడు. ఊపిరి పీల్చని ఆ పొడుగాటి లైన్లలో సగం శైలి, సగం గత్యంతరం లేక! ఆయన 1976లో తప్పుకున్నాడు. ఇప్పుడు థియో ట్రావిస్ వాయించేది ఫెండర్ రోడ్స్. అందులో సుత్తి సన్నటి లోహపు కడ్డీని కొడుతుంది. స్వరం గంటలా మొదలై సన్నగిల్లిపోతుంది, ఆర్గన్‌లా నిలబడదు. పైగా సాక్సఫోన్, ఫ్లూట్ కూడా ఆయనవే. ఆ మిగిలిన చోటంతా జాన్ ఎథరిడ్జ్ గిటార్‌కి దక్కింది.

పాతడిస్కు: పోలికకి ‘థర్డ్’ పెట్టుకోవడమే చిక్కండీ. ఈ ఆల్బమ్‌కి దగ్గరి చుట్టాలు ‘సెవెన్’ (1973), ‘బండిల్స్’ (1975), ‘సాఫ్ట్స్’ (1976). ఎథరిడ్జ్ వచ్చింది ‘సాఫ్ట్స్’తోనే. కార్ల్ జెంకిన్స్ రాసిన ‘పెన్నీ హిచ్’ ‘సెవెన్’లోనూ ఉంది, ఇందులోనూ ఉంది. రెంటిలోనూ డ్రమ్స్ జాన్ మార్షల్. పక్కపక్కన పెట్టి సింబల్స్ మాత్రమే వినండి, యాభై ఏళ్ల తేడా అక్కడే తెలుస్తుంది. ఆల్బమ్ వచ్చిన ఏడాదే, సెప్టెంబరులో, ఆయన పోయాడు.

తకధిమి: రాజుగారూ, మీ కాలు తప్పట్లేదు. అది క్వార్టర్ నోట్లు, అంటే రెండేసి చిన్న దెబ్బలకి ఒకటి చొప్పున, కొడుతోంది. ఆవర్తానికి మూడున్నర దెబ్బలు కాబట్టి రెండో ఆవర్తం మొదలు రెండు దెబ్బల మధ్యన పడుతుంది. ఆపకుండా కొడితే ఏడు దెబ్బలకి రెండు ఆవర్తాలు పూర్తయి మూడోది సరిగ్గా కాలి మీదే మొదలవుతుంది. చాలామంది ఈలోపే కంగారుపడి దిద్దబోతారు, అక్కడే చెడుతుంది.

నోటితో అనుకోవడం ఇంకా తేలిక. రిఫ్‌లో ఊనిక ఎక్కడ పడుతోందో చూసి ‘తకిట తకధిమి’ (3+4) గానీ ‘తక తక తకిట’ (2+2+3) గానీ పట్టుకోండి. 11/8 అయితే ‘తకధిమి తకధిమి తకిట’తో మొదలుపెట్టి చూడండి. స్నేర్ డ్రమ్‌ని నమ్ముకోవద్దు, మార్షల్ ఆవర్తం గీత దాటించి వాయిస్తాడు. తిరిగి తిరిగి వచ్చే బేస్ వరస పట్టుకోండి. ఫ్రీగా సాగే చోట్ల లెక్కే వద్దు, అక్కడ తాళం ఉండదు.

రిఫ్‌రాజు: బేస్ పట్టుకుంటే కుదిరింది, థాంక్స్ అండీ. పనిలో పని, ‘థర్డ్’లోని ‘ఫేస్‌లిఫ్ట్’లో సొద (హిస్) ఎక్కువగా ఉంది, నా కాపీ తేడానా?

పాతడిస్కు: కాదు. అది 1970 జనవరి కచేరీ టేపుల్ని కోసి అతికించిన ట్రాక్. మంచి ప్రెస్సింగ్ కొన్నా ఆ సొద అలాగే ఉంటుంది. ట్రెబుల్ తగ్గిస్తే సాక్సఫోన్ కూడా మొద్దుబారుతుంది, దాని జోలికి పోకండి.