న్యూరోబయాలజీ, అనాటమీ విభాగాల్లో పీహెచ్‌డీ: చేసినవారు, చేస్తున్నవారు అనుభవాలు పంచుకోగలరు

గౌతమీతీరం

అందరికీ నమస్కారం. నేను మూడేళ్ల ఎమ్మెస్సీ మెడికల్ అనాటమీ (శరీర నిర్మాణ శాస్త్రం) పూర్తిచేసి, ఒక ప్రైవేటు వైద్య కళాశాలలో ట్యూటర్‌గా పనిచేస్తున్నాను. మెదడు కోతలను పళ్లెంలో పెట్టి మొదటి సంవత్సరం విద్యార్థులకు చూపిస్తున్నప్పుడల్లా, ఈ నాడీమార్గాలు ఇలాగే ఎందుకు ఏర్పడ్డాయి, వెన్నుపాములో ఒకసారి తెగితే తిరిగి ఎందుకు పెరగవు అన్న ప్రశ్నలకు పాఠ్యపుస్తకం దాటి జవాబు వెతకాలనిపిస్తుంది. అమెరికాలోని కొన్ని వైద్య కళాశాలల్లో న్యూరోబయాలజీ (నాడీమండల జీవశాస్త్రం), అనాటమీ రెండూ కలిసిన విభాగాలు ఉన్నాయని ఈమధ్యే తెలిసింది. అక్కడ అసలు ఏ రకమైన పరిశోధన జరుగుతుంది, నా అనాటమీ చదువు దానికి సరిపోతుందా, మన దేశంలోనే ఉండి చేయదలిస్తే దారులేమిటి, పట్టా చేతికొచ్చాక ఉపాధి ఎలా ఉంటుంది అన్నవి నా సందేహాలు. ఇంకా ఎన్నేళ్లు చదువుతావని ఇంట్లో అడుగుతున్నారు. వారికి చెప్పడానికి నా దగ్గర స్పష్టమైన సమాధానం ఉండాలి.

మైలిన్

గౌతమీతీరం గారూ, ఆ జంట పేరు వెనుక ఉన్న చరిత్ర తెలిస్తే మీ మొదటి సందేహం చాలావరకు తీరుతుంది. వైద్య కళాశాలల్లో అనాటమీ విభాగాల ప్రధాన బాధ్యత విద్యార్థులకు శవచ్ఛేదన నేర్పడం. కంటికి కనిపించే నిర్మాణాల వర్ణన చాలావరకు పూర్తయ్యాక, ఆ విభాగాల్లోని పరిశోధకులు కణాల వైపు, పిండాభివృద్ధి వైపు, ముఖ్యంగా నాడీమండలం వైపు మళ్లారు. బోధన బాధ్యత మాత్రం అలాగే ఉండిపోవడంతో విభాగం పేరులో పరిశోధన ఒక సగంగా, బోధన మరో సగంగా నిలిచాయి. యూటా విశ్వవిద్యాలయం వంటి చోట్ల తర్వాతి కాలంలో అనాటమీ అన్న మాట తీసేసి న్యూరోబయాలజీ మాత్రమే ఉంచారు.

పేరు ఒకటే అయినా లోపలి పని ఒకటి కాదు. హ్యూస్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో ఈ విభాగం అప్లీసియా అనే సముద్రపు నత్తలో జ్ఞాపకశక్తి ఎలా ఏర్పడుతుందన్న పరిశోధనకు పేరుపొందింది. ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ వైద్య కళాశాలలో ఇదే పేరున్న విభాగం వెన్నుపాము గాయాల మీద దశాబ్దాలుగా పనిచేస్తోంది. తెగిన నాడీమార్గాలు తిరిగి ఎందుకు పెరగవన్న మీ ప్రశ్నకు రెండోది దగ్గర, మొదటిది దూరం. కాబట్టి విభాగం పేరు చూసి దరఖాస్తు చేయకండి. ఎవరి ల్యాబ్‌లో ఏ ప్రశ్న మీద పని జరుగుతోందో, గత మూడు నాలుగేళ్లలో వారు ప్రచురించిన పత్రాలు చదివి నిర్ణయించుకోండి. పట్టా మీద కూడా చాలాచోట్ల న్యూరోసైన్స్ అనే ఉంటుంది.

అమెరికాలో సాధారణంగా మొదటి ఏడాది కోర్సులతో పాటు రెండు మూడు ల్యాబ్‌లలో కొద్ది వారాల చొప్పున రొటేషన్ చేస్తారు, అంటే వంతులవారీగా పనిచేసి చూస్తారు. ఆ తర్వాతే గైడ్ ఎవరన్నది తేలుతుంది. రెండో ఏడాది చివర అర్హత పరీక్ష ఉంటుంది. మీరే ఒక పరిశోధన ప్రతిపాదన రాసి కమిటీ ముందు సమర్థించుకోవాలి. మొత్తం మీద అయిదారేళ్లు పడుతుంది. ఫీజు విద్యార్థి కట్టనక్కర్లేదు, జీవనభృతి కూడా ఇస్తారు. ఈ మాట ఇంట్లో తప్పకుండా చెప్పండి, ఎందుకంటే మన దగ్గర అమెరికా చదువు అనగానే ముందు బ్యాంకు అప్పే గుర్తుకొస్తుంది.

భృతి ఎంతన్నది సంస్థను బట్టి మారుతుంది. పోల్చి చూడడానికి ఒక అంకె చెబుతాను: 2024లో అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ పీహెచ్‌డీ శిక్షణార్థులకు నిర్ణయించిన మొత్తం ఏడాదికి 28,224 డాలర్లు. చాలా విశ్వవిద్యాలయాలు దానికి పైన కొంత కలిపి ఇస్తాయి. అయితే ఆ శిక్షణ గ్రాంట్లు అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే దక్కుతాయి. మనవంటి విదేశీ విద్యార్థులకు భృతి చివరికి గైడ్ పరిశోధన గ్రాంటు నుంచో, బోధన సహాయకత్వం నుంచో రావాలి. అందువల్ల గైడ్ గ్రాంటు ఇంకా ఎన్నేళ్లు ఉంటుందని అడగడం మర్యాద తక్కువేమీ కాదు. అక్కడ అందరూ అడుగుతారు, వారూ సూటిగా చెబుతారు.

కుంచె_క్రయోస్టాట్

మైలిన్ గారు సంస్థల సంగతి చెప్పారు కనుక, నేను బల్ల దగ్గర జరిగే పని గురించి రాస్తాను. ఈ రంగంలో నిలబడేదీ విసిగిపోయేదీ అక్కడే తేలుతుంది.

జంతువుల వాడకానికి సంస్థ నైతిక సంఘం అనుమతి వచ్చాకే పని మొదలవుతుంది. ఎలుకకు మత్తు ఇచ్చి, గుండె ద్వారా ముందు సెలైన్, తర్వాత కణజాలం చెడకుండా స్థిరపరిచే 4 శాతం పారాఫార్మాల్డిహైడ్ ఎక్కిస్తాం. మెదడును తీసి మరికొంతసేపు అదే ద్రావణంలో ఉంచి, ఆపైన 30 శాతం చక్కెర ద్రావణంలోకి మారుస్తాం. మొదట పైకి తేలిన మెదడు, చక్కెర లోపలిదాకా ఇంకిన తర్వాత అడుగుకు మునుగుతుంది. మునగకముందే తొందరపడి గడ్డకట్టిస్తే మంచు స్ఫటికాలు ఏర్పడి, కణజాలమంతా చిల్లులు పడుతుంది. ఆ తర్వాత క్రయోస్టాట్‌లో, అంటే గడ్డకట్టిన కణజాలాన్ని పలుచగా కోసే యంత్రంలో, సున్నాకు దిగువన ఇరవై డిగ్రీల ప్రాంతంలో ఉంచి, 30, 40 మైక్రాన్ల మందాన కోస్తూ, ఒక్కొక్క కోతనూ సన్నని కుంచెతో తీసి, బఫర్ పోసిన గుంటల పళ్లెంలో వరుస తప్పకుండా వేయాలి. హిప్పోక్యాంపస్ (జ్ఞాపకశక్తికి కీలకమైన మెదడు భాగం) మొదలు నుంచి చివరిదాకా ఆ వరుస సరిగా లేకపోతే, తర్వాత మైక్రోస్కోపు కింద కణాలను ఎంత జాగ్రత్తగా లెక్కపెట్టినా ఆ లెక్కకు విలువ ఉండదు.

మీకు అనాటమీ చదువు సరిపోతుందా అన్న ప్రశ్నకు నా జవాబు ఇక్కడే ఉంది. జీవరసాయన శాస్త్రం నుంచో బయోటెక్నాలజీ నుంచో వచ్చినవారికి యాంటీబాడీలతో ప్రొటీన్లను గుర్తించడం, పీసీఆర్‌తో డీఎన్‌ఏ నకళ్లు తీయడం బాగా తెలుసు. కానీ కోత చూసి ఇది మెదడులో ఏ స్థాయిదో, ఏ కేంద్రకం (నాడీకణాల గుంపు) పక్కన ఏది ఉంటుందో చెప్పడానికి ఏళ్లు పడుతుంది. మీకు ఆ చూపు ఇప్పటికే ఉంది. మీరు కొత్తగా నేర్చుకోవలసినవి గణాంకశాస్త్రం, కణజీవశాస్త్రం, కొంచెం ప్రోగ్రామింగ్. ఇవాళ ఒక ప్రయోగంలో చిత్రాలే వందల గిగాబైట్లు వస్తాయి కాబట్టి పైథాన్ రాకుండా గట్టెక్కడం కష్టం.

వెన్నుపాము తెగితే ఎందుకు పెరగదన్న మీ ప్రశ్నకు దారి చూపింది కూడా ఒక నిర్మాణ ప్రయోగమే. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ అగ్వాయో బృందం 1980ల తొలినాళ్లలో కాలి నాడి ముక్కను వెన్నుపాముకు వంతెనలా అతికినప్పుడు, కేంద్ర నాడీమండలపు తంతువులు దాని గుండా సెంటీమీటర్ల కొద్దీ పెరిగాయి. పెరగలేకపోవడం ఆ కణాల స్వభావం మాత్రమే కాదని, చుట్టూ ఉన్న పరిసరమే ఎక్కువగా అడ్డుపడుతోందని దానితో తేలింది. అనాటమీ పాతబడిన శాస్త్రమని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి. 2024లో వెలువడిన ఈగ మెదడు పూర్తి అనుసంధాన పటం (ఏ నాడీకణం దేనితో కలుస్తుందో చూపేది) కూడా, సుమారు 1,39,000 నాడీకణాలతో, అచ్చమైన అనాటమీయే.

నల్లమల_చదువరి

మన దేశంలో దారుల గురించి నాకు తెలిసింది చెబుతాను. మనేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం, బెంగళూరులోని నిమ్హాన్స్ (మానసిక ఆరోగ్య, నాడీశాస్త్ర సంస్థ), ఐఐఎస్‌సీలోని న్యూరోసైన్స్ కేంద్రం, ఎన్‌సీబీఎస్ (జాతీయ జీవశాస్త్ర కేంద్రం) ఈ రంగంలో మొదట చూడవలసినవి. అనాటమీ పేరుతోనే పరిశోధన చేయదలిస్తే ఢిల్లీ ఎయిమ్స్ అనాటమీ విభాగం ఉంది. హైదరాబాదులోనే ఉండాలనుకుంటే సీసీఎంబీ (కణ, అణుజీవశాస్త్ర పరిశోధన కేంద్రం)లో, కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నాడీశాస్త్రానికి దగ్గరి పని చేసే ల్యాబ్‌లు ఉన్నాయి. మానవ మెదడు నిర్మాణమే మీ ఆసక్తి అయితే ఐఐటీ మద్రాసులోని సుధా గోపాలకృష్ణన్ మెదడు కేంద్రాన్ని తప్పకుండా గమనించండి. గర్భస్థ శిశువు మెదడును కణస్థాయిలో చూపే 'ధరణి' చిత్రపటాన్ని వారు 2024 డిసెంబరులో అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచారు. దాని కోసం 5,132 మెదడు కోతలను డిజిటల్‌గా మార్చారు. మీరు ట్యూటర్‌గా ఉన్నారు కనుక రేపటి క్లాసులోనే దాన్ని చూపించవచ్చు.

ప్రవేశానికి సీఎస్‌ఐఆర్ నెట్, ఐసీఎంఆర్, డీబీటీ ఫెలోషిప్ పరీక్షలు, టీఐఎఫ్‌ఆర్ నిర్వహించే జీవశాస్త్ర ప్రవేశ పరీక్ష ప్రధానమైనవి. మెడికల్ ఎమ్మెస్సీ వారు ప్రతి ప్రకటనలోనూ అర్హతల జాబితాలో తమ డిగ్రీ పేరు ఉందో లేదో ముందే చూసుకోవాలి. కొన్నిచోట్ల మన డిగ్రీని గుర్తించడంలో గుమస్తాల స్థాయిలోనే చిక్కులు వస్తాయి. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ పరిశోధక ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనిష్ఠ గడువు మూడేళ్లు, గరిష్ఠ గడువు ఆరేళ్లు. ఆపైన తిరిగి నమోదు చేసుకుంటే మరో రెండేళ్ల వరకు అవకాశం ఉంటుంది. కానీ జంతు ప్రయోగాలున్న చోట మూడేళ్లలో ముగుస్తుందని ఎవరూ ఆశ పెట్టుకోకూడదు. ఇంట్లో అయిదేళ్లని చెప్పండి.

విశ్రాంత_బోధకురాలు

చిరంజీవి గౌతమీతీరానికి, నేను అనాటమీ బోధనలోనే ఉద్యోగ జీవితమంతా గడిపాను. ఉపాధి గురించి ఎవరూ రాయలేదు కనుక రాస్తున్నాను.

ఎంబీబీఎస్ చదవకుండా ఎమ్మెస్సీ, పీహెచ్‌డీలతో వైద్య కళాశాలల్లో పాఠాలు చెప్పేవారికి ఒకప్పుడు అనాటమీ విభాగంలో 30 శాతం పోస్టుల వరకు అవకాశం ఉండేది. 2020లో జాతీయ వైద్య కమిషన్ దాన్ని 15 శాతానికి తగ్గించింది. ఆ నిర్ణయంతో నా శిష్యులు ఎంతో ఆందోళన పడ్డారు, కొందరు వృత్తే మార్చుకున్నారు. నిబంధనలు తరచూ మారుతున్నాయి కాబట్టి చేరేనాటికి అమల్లో ఉన్న నోటిఫికేషన్‌ను మీరే తెరిచి చదవాలి, కళాశాల ఆఫీసులో చెప్పిన మాట మీద ఆధారపడవద్దు. దేహదానం చేసిన ఒక మనిషి శరీరం ముందు పిల్లలను నిలబెట్టి, గౌరవంతో కత్తి పట్టడం నేర్పే పనికి డిగ్రీ పేరు కన్నా శ్రద్ధ ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. అయినా నియామకపు జాబితా మన నమ్మకాన్ని బట్టి తయారు కాదు.

అందుకే నా సలహా: పీహెచ్‌డీ అంటూ చేస్తే అనాటమీ విభాగంలో ఉద్యోగం ఒక్కటే లక్ష్యంగా చేయవద్దు. పరిశోధకురాలిగా కూడా నిలబడగలిగే నైపుణ్యం, అంటే కన్ఫోకల్ (లేజరుతో పొరపొరగా చూపే) మైక్రోస్కోపు గానీ, ఎలక్ట్రోఫిజియాలజీ (నాడీకణాల విద్యుత్ సంకేతాలను కొలవడం) గానీ, చిత్ర విశ్లేషణ గానీ, ఒకటి మీ చేతిలో ఉండాలి.

మైలిన్

అమ్మగారు చెప్పిన దానికి అమెరికా వైపు నుంచి ఒక మాట. అక్కడ వైద్య కళాశాలల్లో శవచ్ఛేదన నేర్పేవారిలో పీహెచ్‌డీ ఉన్నవారు చాలామంది. ఎండీ ఉండి తీరాలన్న పట్టింపు లేదు. పరిశోధకులంతా కణస్థాయి పనికి మళ్లడంతో మానవ శరీరం మొత్తాన్ని నేర్పగలిగినవారికి గిరాకీ ఉంది. ఇండియానా విశ్వవిద్యాలయం వంటి చోట్ల అనాటమీ బోధన మీదనే ప్రత్యేకంగా పీహెచ్‌డీ ఉంది. మీకున్న బోధన అనుభవాన్ని దరఖాస్తులో ఒక వాక్యంతో సరిపెట్టకుండా వివరంగా రాయండి.

పూర్ణకుంభం_79

బోధన అనుభవం గురించి మైలిన్ గారు చెప్పిన దానితో నేను పూర్తిగా ఏకీభవించలేను. విదేశంలో ఇలాంటి జంట విభాగంలోనే పీహెచ్‌డీ చేశాను, సంస్థ పేరు అనవసరం. మొదటి రెండేళ్లు డిసెక్షన్ హాల్లో సహాయకుడిగా ఉండడం నాకు ఇష్టంగానే ఉండేది. ఆ తర్వాత కూడా, అనాటమీ బాగా తెలిసిన విద్యార్థినన్న కారణంతో ప్రతి సెమిస్టరూ నన్నే పిలిచేవారు. మధ్యాహ్నం వరకు ఫార్మాలిన్ వాసనలో బ్రేకియల్ ప్లెక్సస్ (చేతికి వెళ్లే నాడుల అల్లిక) శుభ్రంచేసి చూపించి, ఆ తర్వాత ల్యాబ్‌కు వెళ్తే, రోజంతా కూర్చోవలసిన ప్యాచ్ క్లాంప్ (సజీవ కణం విద్యుత్తును కొలిచే) ప్రయోగానికి సమయం ఉండేది కాదు. తాజాగా తీసిన మెదడు కోతలు కొన్ని గంటలే బతికి ఉంటాయి, అవి మన క్లాసు అయ్యేదాకా ఆగవు. నా థీసిస్ ఆలస్యం కావడానికి అదే ప్రధాన కారణం. దాని మీద మా గైడ్‌కూ విభాగానికీ మధ్య జరిగిన వాదనలో నలిగింది కూడా నేనే.

కాబట్టి గౌతమీతీరం గారూ, బోధన అనుభవం మీ బలమే, కానీ చేరే ముందు ఎన్ని సెమిస్టర్లు బోధించాలో, వారానికి ఎన్ని గంటలో రాతపూర్వకంగా తెలుసుకోండి. ఇంకొకటి: గైడ్ మధ్యలో వేరే విశ్వవిద్యాలయానికి మారిపోతే మీ పరిస్థితి ఏమిటని కూడా అడగండి. నా బ్యాచ్‌లో ఒకరికి అలా జరిగింది. కమిటీలోని మరో ప్రొఫెసర్ బాధ్యత తీసుకోవడం వల్ల గండం గడిచింది.

కుంచె_క్రయోస్టాట్

పూర్ణకుంభం గారు చెప్పింది నిజమే, అయితే అది పద్ధతిని బట్టి ఉంటుంది. రసాయనంతో స్థిరీకరించిన కణజాలంతో పనిచేసేవారికి కోతలు ఫ్రిజ్‌లో రేపటిదాకా ఆగుతాయి, యాంటీబాడీ ఎలాగూ రాత్రంతా నాననివ్వాలి. బోధన గంటలు వారికి అంత భారం కావు. ఏ పద్ధతి ఎంచుకుంటారన్నది మీ దినచర్యనే నిర్ణయిస్తుంది కాబట్టి రొటేషన్లలో ఒకటి స్థిర కణజాలపు ల్యాబ్‌లో, ఒకటి సజీవ కణజాలపు ల్యాబ్‌లో చేయడం మంచిది.

గౌతమీతీరం

అందరికీ మనఃపూర్వక ధన్యవాదాలు. అమ్మగారూ, మీ మాటలు మా అమ్మకు చదివి వినిపించాను. ఈ ఏడాది ఇక్కడి ఫెలోషిప్ పరీక్షకు సిద్ధమవుతూనే, వెన్నుపాము మీద పనిచేసే నాలుగైదు ల్యాబ్‌లకు ఉత్తరాలు రాయాలనుకుంటున్నాను. ఆ ఉత్తరంలో ఏమేం ఉండాలో ఎవరైనా చెప్పగలరా?

మైలిన్

సగం పేజీ దాటకుండా రాయండి. వారి పత్రాల్లో ఒకటి పూర్తిగా చదివి, అందులో మీకు తేలని ఒక అంశాన్ని రెండు మూడు వాక్యాల్లో అడగండి. 'మీ గొప్ప పరిశోధన' వంటి పొగడ్తలు వద్దు. మీరు స్వయంగా చేసిన కోతలు, రంగులద్దిన స్లైడ్లు ఉంటే ఒక మంచి చిత్రం జత చేయండి; ఎమ్మెస్సీ డిసర్టేషన్ సారాంశం ఒక పేజీ చాలు. వచ్చే సంవత్సరానికి విద్యార్థిని తీసుకుంటున్నారా అని చివరి వాక్యంలో సూటిగా అడగండి. అక్కడి దరఖాస్తు గడువులు చాలావరకు డిసెంబరు మొదట్లో ముగుస్తాయి కనుక సెప్టెంబరుకల్లా ఉత్తరాలు వెళ్లాలి. చిత్తుప్రతి ఇక్కడ పెడితే నేనూ చూస్తాను.